నాన్చుడు తిరుమల్

'నాన్చుడు' అనే మాటలో తిట్టు తక్కువ, వేళాకోళం ఎక్కువ. స్నానానికి పొమ్మంటే అరగంట తువ్వాలు వెతుక్కునే పిల్లవాణ్ణి తల్లి ఆ మాట అంటుంది. పెళ్లిచూపులై మూణ్ణెల్లు గడిచినా ఔననీ కాదనీ చెప్పని వాళ్ల గురించి చుట్టాలు "అదంతా నాన్చుడు బేరమండీ" అని నవ్వుకుంటారు. మోండా మార్కెట్‌లో పావుకిలో బెండకాయల కోసం గంపంతా తిరగేసే మనిషిని చూసి అమ్మే ఆమె ఊరుకోదు. "నాన్చకమ్మా, తీస్కుంటె తీస్కో, లేకుంటె జరుగు" అంటుంది. వంటింట్లో పప్పు నానబెట్టడం నుంచి వచ్చిన మాటే ఇది. అక్కడ మాత్రం నానకపోతేనే తప్పు.

ఈ మాటకు ఇంకో గుణం ఉంది. ఇది ఎప్పుడూ పల్లానికే పారుతుంది. ఫైలు మూడేళ్లు బల్ల మీంచి లేవకపోతే 'పరిశీలనలో ఉంది' అంటారు. వీధి దీపం ఏడాదిగా వెలగకపోతే 'టెండరు దశలో ఉంది' అంటారు. కుర్చీలో కూర్చున్న మనిషి ఎంత ఆలస్యం చేసినా దానికి మర్యాదైన పేరొకటి సిద్ధంగా ఉంటుంది. చెమట కారే మనిషి పది నిమిషాలు ఆగితే చాలు, వాడు నాన్చుడుగాడు.

తిరుమల్‌కు ఆ మాట ఇంటిపేరే అయింది. వయసు నలభై ఆరు. ఉండేది అల్వాల్‌లో, రెండు గదుల రేకుల ఇంట్లో. పంతొమ్మిదేళ్లుగా మల్కాజ్‌గిరి వైపు కాలనీల్లో డ్రైనేజీలు శుభ్రం చేసే కాంట్రాక్టు కూలీ. పొద్దున ఆరున్నరకు వార్డు ఆఫీసు ఆవరణలో హాజరు పడుతుంది. పేరు పిలిచాక వెదురు బద్దలు, తాడు, బకెట్లు ట్రాలీ ఆటోలో వేసుకుని ఎక్కడ మోరీ పొంగితే అక్కడికి పోతారు. భార్య కల్పలత నాలుగిళ్లలో వంట చేస్తుంది. మొగుడి సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వకుండా చెబుతుంది. "మా పెండ్లిల తాళి కట్టనీకి ముప్పావు గంట చేసిండు. ముడి సరిగ్గ పడిందా లేదా అని మళ్ల మళ్ల చూసుడే. పంతులుకు బీపీ పెరిగింది."

పనిలోనూ అదే వరస. పొంగిన మ్యాన్‌హోల్ దగ్గరికి రాగానే మిగతావాళ్లు బద్దలు అందుకుంటే తిరుమల్ మూతలు తీయడం మొదలుపెడతాడు. జామైన దానిది ఒకటి, దానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి. మూడు మూతలూ తీసి, చుట్టూ ముళ్లకంపో రాళ్లో అడ్డం పెట్టి, నీడ చూసుకుని కూర్చుంటాడు. గంట, ఒక్కోసారి గంటన్నర. లోపలి గ్యాస్ బయటికి పోవాలంటాడు. పాతకాలం పనివాళ్లు అందరూ చేసిందే ఇది. కాంట్రాక్టులు వచ్చి, రోజుకు ఇన్ని మ్యాన్‌హోళ్లు అని లెక్కలు వచ్చాక మిగతావాళ్లు మానేశారు. ఇతను మానలేదు.

ఇంకో పని కూడా అతను మానలేదు. ఎవరు దిగమన్నా 'దిగను' అనడు. 'దిగుతా' అంటాడు. "దిగుతా సార్, జెర ఆగు." ఆ తర్వాత తాడు ముడి విప్పి మళ్లీ వేస్తాడు. నీళ్లు తాగుతాడు. బద్దలు ఇంకో రెండు కలిపి పొడిచి చూస్తానంటాడు. కాసేపటికి జాము బద్దలకే వదిలిపోతుంది, లేదా నీళ్ల ఒత్తిడితో జాము వదిలించే మిషన్ బండి వస్తుంది, లేదా పొద్దు గూకుతుంది. పద్నాలుగేళ్లలో తిరుమల్ ఒక్కసారి కూడా మ్యాన్‌హోల్‌లోకి దిగలేదు. ఒక్కసారి కూడా కాదనలేదు. కాంట్రాక్టు కూలీ కాదన్నాడంటే మర్నాడు హాజరు పుస్తకంలో పేరుండదు. నాన్చితే మాత్రం తిట్లు తిని బతకొచ్చు.

పద్నాలుగేళ్లని ఊరికే అనలేదు. తిరుమల్ అన్న భద్రయ్య కూడా ఇదే పని చేసేవాడు. మహా చురుకు. సూపర్‌వైజర్ నోట్లో మాట పూర్తయ్యేలోపు చొక్కా తీసేసేవాడు. పద్నాలుగేళ్ల కిందట ఒక పొద్దున అలాగే దిగాడు. పైన ఉన్నవాళ్లు బకెట్ అందించేలోపు లోపల మాట ఆగిపోయింది. సంతాపానికి వచ్చిన కాంట్రాక్టర్ దండ వేసి, "చాలా చురుకైన మనిషి, ఎప్పుడూ పని నాన్చేవాడు కాదు" అన్నాడు. ఆ మాట భద్రయ్య భార్య విజయమ్మ చెవిన పడింది. ఇప్పుడు మోండా మార్కెట్‌లో ఆకుకూరలు అమ్ముకుంటూ, ఎవరైనా మరిదిని నాన్చుడని నవ్వితే మాత్రం ఊరుకోదు. "మా పనిల చురుకైనోళ్లు గోడల మీద ఫోటోలల్ల ఉన్నరు. నవ్వేది ఉంటె ఆడికి పోయి నవ్వుండ్రి" అంటుంది.

ఆమె తమ్ముడు బాబూరావు. తిరుమల్‌కు వరసకు బావ. నలభై నిండిన బాబూరావు తిరుమల్ బ్యాచ్‌లోనే పని చేస్తాడు, కానీ తిరుమల్ దారి అతనికి నచ్చదు. ఈ జులైలో సూపర్‌వైజర్ సత్యదేవ్ బ్యాచ్‌కొక మేస్త్రీని పెడతామని చెప్పాడు. మేస్త్రీ అయితే పక్కన నిలబడి చేయించడమే, మోరీలో చెయ్యి పెట్టక్కర్లేదు. బాబూరావుకు ఆ ఆశ పట్టుకుంది. మోరీలోకి దిగే బతుకు నుంచి బయటపడటానికి అతనికి కనిపించిన దారి, అందరికంటే ముందు మోరీలోకి దిగి చూపించడం. ఆ దారి అతను కనిపెట్టింది కాదు, ఎవరో గీసి పెట్టిందే.

సత్యదేవ్ ఆ మాట చెప్పిన వారంలోనే రెండు రోజులు వాన పడింది. శనివారం పొద్దున పున్నాగ రెసిడెన్సీ అనే అపార్ట్‌మెంట్ నుంచి ఫిర్యాదు వచ్చింది. రోడ్డు మీద మ్యాన్‌హోల్ జామై మురుగంతా సెల్లార్‌లోకి ఎదురు తన్నుతోంది. మర్నాడు అదే సెల్లార్‌లో అసోసియేషన్ సెక్రటరీ రామభద్రరావు మనవరాలి ఓణీల ఫంక్షన్. సాయంత్రానికి షామియానా వాళ్లు వస్తారు, వంటవాళ్లు వస్తారు. రామభద్రరావు గుంటూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్లయింది. ఇంజనీరుగా రిటైరైన మనిషి. దుర్మార్గుడు కాదు. ఆయనకు పని అయిపోవాలి, అంతే. మన నగరంలో చాలా చావులకు ఇంతకంటే పెద్ద కారణం ఉండదు.

తొమ్మిదిన్నరకు తిరుమల్ మూడు మూతలూ తీశాడు. పదిన్నరకు కూడా గేటు పక్కన చిన్న గోడ మీద కూర్చునే ఉన్నాడు.

"ఏవయ్యా, మూతలు తీసి గంటైంది. పక్కన కూర్చుంటే బ్లాకేజీ దానంతటదే పోతుందా?" అన్నాడు రామభద్రరావు.

"పోదు సార్. గ్యాస్ పోతది."

"నాన్చడానిక్కూడా నీ దగ్గర సైన్సుందే!"

వాచ్‌మన్, మెట్ల మీద నిలబడ్డ ఇద్దరు ముగ్గురు ఫ్లాట్ల వాళ్లు నవ్వారు. తిరుమల్ కూడా నవ్వాడు. "నేర్చుకున్నది గదొక్కటే సార్" అన్నాడు.

బద్దలు ఒకదానికొకటి కట్టి రెండు వైపుల నుంచీ పొడిచారు. లోపలెక్కడో గట్టిగా తగులుతోంది, కదలడం లేదు. సత్యదేవ్ బైకు మీద వచ్చాడు. దిగగానే టైము చూపించాడు.

"తిరుమల్, పదకొండైంది. ఇంక ఎప్పుడు దిగుతవ్?"

"దిగుతా సార్. మిషన్‌కు ఫోన్ చేసిండ్రా?"

"మిషన్ వేరే సైట్ల ఉంది. సాయంత్రం దాకా రాదు. నువ్ దిగు."

"దిగుతా. ఒక కాయితం మీద రాసియ్యుండ్రి సార్, తిరుమల్‌ను దిగుమని చెప్పిన అని. కింద సంతకం పెట్టుండ్రి. గంతే."

సత్యదేవ్ రామభద్రరావు వైపు చూశాడు. రామభద్రరావు సెల్లార్ వైపు చూశాడు.

"రాసుడెందుకు? నోటితోటి చెప్తున్న గద?"

"నోటి మాట లోపలికి వినబడదు సార్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సత్యదేవ్‌కు ఒళ్లు మండింది. కాగితం మీద పెట్టే ఆ సంతకం విలువ అతనికి తెలుసు. మనిషిని మోరీలోకి దింపడం నేరమని చట్టం వచ్చి పదేళ్లు దాటింది. రాసి ఇచ్చినవాడు దొరికిపోతాడు. అందుకే ఈ దేశంలో ఆ ఆజ్ఞ ఎప్పుడూ నోటితోనే వస్తుంది. ఆ చట్టం అమలును ఇన్నేళ్లుగా నాన్చుతున్న పెద్దమనుషులకు ఇంతవరకూ ఎవరూ ముద్దుపేరు పెట్టలేదు.

సత్యదేవ్ తిరుమల్‌ను వదిలేసి అవతలి వైపు తిరిగాడు. "బాబూరావ్, మేస్త్రీల లిస్టు సోమవారం పోతది. నీ పేరు రాయాల్నా, వద్దా?"

బాబూరావు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బద్దలు కింద పెట్టి చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

తిరుమల్ గోడ మీంచి లేచాడు. అతను అంత త్వరగా లేవడం బ్యాచ్‌లో ఎవరూ చూసి ఉండరు.

"బావా, జెర ఆగు. తాడు ముడి లూజ్ ఉంది, మళ్ల వేస్తా."

"నేనే ఏస్కున్న. గట్టిగనే ఉంది."

"చాయ్ తాగినంక దిగు. కడుపుల ఏం లేకుంట దిగొద్దు."

"పొద్దుగాల తిన్న."

"అక్కకు ఒక ఫోన్ చెయ్."

"ఎందుకు? అత్తగారింటికి పోతున్ననా?" బాబూరావు చొక్కా మడిచి బకెట్ మీద పెట్టాడు. గొంతు పెంచాడు. "నీ నాన్చుడు నా దగ్గర వద్దు బావా. పద్నాలుగేండ్ల సంది మోరి ఒడ్డుకు కూసుంటున్నవ్. ఏం పీకినవ్? అందరు నవ్వుతున్నరు. నిన్ను జూసి నన్ను సుత నవ్వుతున్నరు. ఒక్కసారి దిగితే అయిపాయె, మళ్ల దిగే పనే ఉండదు."

"నా భయం గదే బావా" అన్నాడు తిరుమల్.

బాబూరావు అతన్ని తోసుకుని మ్యాన్‌హోల్ వైపు నడిచాడు. చినుకులు మొదలయ్యాయి. తిరుమల్ దగ్గర ఇక సాగదీయడానికి ఏమీ మిగల్లేదు. ముడి అయింది, చాయ్ అయింది, ఫోన్ అయింది. రెండంగల్లో బాబూరావును దాటి వెళ్లి మ్యాన్‌హోల్ మీద కూర్చున్నాడు. కాళ్లు అటు చాపి, చేతులు ఇటు ఆన్చి, దాని నోటిని పూర్తిగా మూసేసి, కూర్చున్నాడు.

"లే బావా."

"లేస్తా."

"ఎప్పుడు?"

"జెర ఆగి."

బాబూరావు చంకల కింద చేతులు పెట్టి లాగాడు. తిరుమల్ కదల్లేదు. మెట్ల మీదివాళ్లు ఫోన్లు తీశారు. ఇద్దరు మగాళ్లు వానలో మోరీ మీద పెనుగులాడటం వాళ్లకు మొదట తమాషాగానే ఉన్నట్టుంది. సత్యదేవ్ దగ్గరికి వచ్చి అరిచాడు. "ఏందీ తమాషా? దిగుతవా, వాన్ని దిగనిస్తవా? ఒకటి చెప్పు!"

తిరుమల్ తలెత్తాడు.

"దిగ" అన్నాడు.

సత్యదేవ్‌కు అర్థం కాలేదు. పద్నాలుగేళ్లలో ఆ మనిషి నోట అలాంటి మాట వినని చెవులు అవి. "ఏమన్నవ్?"

"నేను దిగ. మా బావను దిగనియ్య. మా వదిన మొగుణ్ని ఇచ్చింది, సాలదా? తమ్మున్ని సుత ఇయ్యాల్నా? మిషన్ పిలువుండ్రి. అది వచ్చినంక లేస్తా. అది రాకుంటె ఈడనే పంటా."

"రేపటి సంది పనికి రాకు!"

"రేపటి ముచ్చట రేపు చూద్దాం సార్. ఇయ్యాలైతె లేవ."

బాబూరావు చేతులు సడలాయి. వాన కాస్త పెద్దదైంది. ఎవరో పైఅంతస్తు నుంచి గొడుగు పంపారు. వాచ్‌మన్ దాన్ని తెచ్చి ఎవరికి పట్టాలో తెలియక కాసేపు తచ్చాడి, చివరికి తిరుమల్ మీద పట్టాడు.

రామభద్రరావు దగ్గరికి రాబోయాడు. "నిజంగా అంత ప్రమాదమా అయ్యా? గంటన్నర మూతలు తీసే ఉంచావుగా?"

"మీరు ఇంజనీర్లు సార్. నన్ను అడుగుతున్నరా?" అన్నాడు తిరుమల్. మర్యాదగానే అన్నాడు. రామభద్రరావు ముఖం మాత్రం ఎర్రబడింది. ఆయన వెనక్కి వెళ్లి, షెడ్డు కింద నిలబడి, జేబులోంచి ఫోన్ తీశాడు. ఒక్క ఫోను. పాత పరిచయం ఎవరితోనో, రెండు నిమిషాలు. సాయంత్రం దాకా రాదన్న మిషన్ బండి ఒంటిగంట పావుకు పున్నాగ రెసిడెన్సీ ముందు ఆగింది.

అంటే పొద్దున తొమ్మిదిన్నరకు కూడా అది ఒక్క ఫోను దూరంలోనే ఉందన్నమాట. ఆ ఫోను చేయడం కంటే బాబూరావును దింపడం తేలికని అందరికీ తోచింది. అందరికీ అంటే, బాబూరావుతో సహా.

మిషన్‌తో వచ్చినవాడు ముందు తాడుకు ఒక చిన్న మీటరు కట్టి లోపలికి వదిలాడు. గ్యాస్ ఉంటే కూస్తుందని చెప్పాడు. మూతలు తీసి అప్పటికి నాలుగు గంటలు కావస్తోంది. మీటరు రెండు నిలువుల లోతు కూడా దిగకముందే కీచుమని కూయడం మొదలుపెట్టింది. ఆపకుండా కూసింది. పైకి లాగితే ఆగింది. మళ్లీ వదిలితే మళ్లీ కూసింది.

"ఎవరన్న దిగిండ్రా దీంట్ల?" అని అడిగాడు మిషన్ మనిషి.

"లేదు" అన్నాడు సత్యదేవ్.

బాబూరావు బకెట్ మీంచి చొక్కా తీసుకుని తొడుక్కున్నాడు. గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకున్నాడు. ఒక కొస పైకి, ఒక కొస కిందికి. నీళ్ల ఒత్తిడికి పావుగంటలో జాము వదిలింది. ప్లాస్టిక్ కవర్లు, చిన్నపిల్లల డైపర్లు, ఏదో ఫ్లాట్ మరమ్మతులో మోరీలోకి ఒంపిన సిమెంటు గడ్డ బయటికి వచ్చాయి. సెల్లార్‌లో నీళ్లు దిగిపోయాయి.

సాయంత్రం బాబూరావు ఇంటికి పోలేదు. మోండా మార్కెట్‌కు పోయి అక్క గోనెపట్టా పక్కన కూర్చున్నాడు. విజయమ్మ తోటకూర కట్టలు కడుతూ తమ్ముడి చొక్కా వైపు చూసింది.

"దిగినవా?"

"దిగలే."

"మేస్త్రీ పోయిందా?"

"పోయినట్టే. బావ పని సుత పోయింది."

విజయమ్మ చేతిలో కట్ట పక్కన పెట్టింది. తమ్ముడి గుండీలు విప్పి ఒక్కొక్కటే సరిగ్గా పెట్టింది. "ఎట్ల పోతదిరా?" అంది. "మీరు పదిమంది లేరా ఆడ?"

సోమవారం ఆరున్నరకు వార్డు ఆఫీసు ఆవరణలో హాజరు మొదలైంది. సత్యదేవ్ పుస్తకం తెరిచి పదకొండు పేర్లలో పది పిలిచాడు. పది గొంతులు పలికాయి. తిరుమల్ ఎప్పటిలాగే వచ్చి, గోడ మీద కూర్చుని కాగితం కప్పులో చాయ్ తాగుతున్నాడు.

"నీ పేరు కొట్టేసిన. ఇంటికి పో" అన్నాడు సత్యదేవ్.

"పోతా సార్. చాయ్ తాగి పోతా."

"మిగిలినోళ్లు బండెక్కుండ్రి."

ఎవరూ ఎక్కలేదు. ఎక్కమని చెప్పేవాళ్లు లేక కాదు. సత్యదేవ్ రెండుసార్లు అన్నాడు.

"ఎక్కుతున్న సార్" అన్నాడు బాబూరావు. బద్దల మోపు విప్పి నేల మీద పరిచాడు. "బద్దల లెక్క తప్పింది. మళ్ల లెక్కపెడ్తున్న."

"నా చెప్పు తెగింది సార్" అన్నాడు షాలేమ్. బ్యాచ్‌లో అందరికంటే పెద్దవాడు, అరవైకి దగ్గర్లో ఉన్నాడు. "పిన్నీసు దొరికితే వచ్చేస్తా."

ఒకడు బాత్రూముకు పోయాడు. ఒకడు ట్రాలీ టైరులో గాలి తగ్గిందని చుట్టూ తిరిగి చూశాడు, మళ్లీ తిరిగి చూశాడు. ఇంకొకడు తాడు ముడి విప్పి, వేసి, విప్పాడు. మేం రామని ఎవరూ అనలేదు. అందరూ వస్తున్నామనే అన్నారు. ఏడున్నరకు సత్యదేవ్ ఫోను మొదటిసారి మోగింది. ఏదో కాలనీలో మోరీ పొంగుతోంది. ఎనిమిదింటికి రెండోది. ఎనిమిదిన్నరకు పైఆఫీసు నుంచి ఫోను వచ్చింది. అతను పక్కకు పోయి, "బయల్దేరుతున్నం సార్, ఇదిగో, బయల్దేరుతున్నం" అని చెప్పి వచ్చాడు. నుదురు తుడుచుకున్నాడు.

"ఏందిరా నాటకం? ఎంతసేపు నాన్చుతరు?"

"నాటకమేం లేదు సార్" అన్నాడు బాబూరావు, నేల మీంచి తలెత్తకుండా. "ఎనభై మూడు... ఎనభై నాలుగు... మీరు పిలిస్తిరి, లెక్క తప్పింది. మళ్ల మొదటి నుంచి పెట్టాలె."

షాలేమ్‌కు ఇంకా పిన్నీసు దొరకలేదు.

తొమ్మిదింటికి ఫోను మళ్లీ మోగింది. సత్యదేవ్ ఎత్తలేదు. ఆవరణంతా ఒకసారి చూశాడు. పదిమంది పది పనుల్లో ఉన్నారు. పదిమందీ అతని వైపే చూస్తున్నారు. అతను పుస్తకం మళ్లీ తెరిచాడు. కొట్టేసిన గీత పక్కనే, ఖాళీ ఉన్న చోట, పెన్నుతో ఏదో రాశాడు. తల ఎత్తలేదు.

"తిరుమల్."

తిరుమల్ వెంటనే పలకలేదు. కప్పులో అడుగున మిగిలిన చాయ్ తాగాడు. కప్పు నలిపి చెత్తడబ్బా దాకా నడిచిపోయి అందులో వేశాడు. తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. సత్యదేవ్ పెన్ను పట్టుకుని ఆగాడు. తిరుమల్ వచ్చి ట్రాలీ పక్కన నిలబడ్డాడు.

"ఉన్న" అన్నాడు.